మస్కటుకు దుబాయికి నడుమ

గుట్టకిందిపల్లె, కోరుట్ల దగ్గర
1987, శ్రావణం

అన్న చంద్రమౌళికి,
చెల్లె సుశీల దండం పెట్టి రాసేది.

ఈడ అందరం మంచిగున్నం, ఆడ మీరు గూడ మంచిగున్నరని తలుస్తం అని మొదలువెట్టుడు అందరు చేసే పనే. మేం మంచిగ లేం. గందుకే గా ముచ్చట రాస్తలేను. నువ్వు మాత్రం మంచిగనే ఉన్నవని సిరిసిల్లల అవ్వ చెప్పింది. రేడియో పంపినవట, సెంటు సీస పంపినవట. సంతోషం. గంత మంచిగున్నోనివి, నీ చెల్లె మొగడు ఉన్నడో పోయిండో ఒక్కపారి చూసి రాసెటందుకు నీకు పురుసత్ దొరుకలేదా?

మీరిద్దరు ఒక్కనాడే పోయిండ్రు. కోరుట్లల ఒక్కటే బస్సు ఎక్కిండ్రు. నేను ఇద్దరికీ బొట్టు పెట్టి సద్ది కట్టిచ్చిన. నువ్వు దుబాయిల ఉన్నవు, ఆయినె గూడ దుబాయిలనే ఉన్నడు. నీ ఉత్తరాలు అవ్వకు నెలనెల అస్తున్నయి. ఆయినె దగ్గరికెళ్లి బతుకమ్మ పండుగ సంది ఒక్క ముక్క లేదు. ఒక్క ఊర్ల ఉండి ఒకలి మొఖం ఒకలు చూసుకోరా? గంత పెద్దోళ్లయిండ్రా?

కోపం ఊకె అస్తలేదు. మా ఠాణకు కొత్త ఎస్సై అచ్చిండు. పోయిన ఐతారం నాడు జీపు మా వాకిట్ల ఆగింది. నేను బీడీలు చేస్తున్న, అత్త లస్మవ్వ దారం కడుతున్నది. చాట కాలుతోని తన్నిండు. ఆకు, తంబాకు వాకిలంత పడ్డది. "కొమురెల్లి ఏడి?" అన్నడు. దుబాయి పోయిండు సార్ అన్న. నవ్విండు. "ఈ దిక్కు ఏ ఊర్ల మొగోడు కనబడకున్నా దుబాయే అంటరు. అడివిల అన్నలల్ల కలిసినోని పెండ్లాం గూడ దుబాయే అంటది. నీ మొగడు ఏ దుబాయిల ఉన్నడు? చెట్లున్న దుబాయిలనా?" అన్నడు.

సిరిసిల్లల బట్ట నేసే సాంచెల మీద కూలి పెంచాలె అని సమ్మె అయినప్పుడు ఆయినె జెండ వట్టుకొని ముంగట నడిచిండు గదా. అప్పుడు రాసుకున్నరట పేరు. కూలి అడిగినోడు అడివికే పోతడా అన్నా? కడుపు కాలినోడు దుబాయి పోడా?

రేపు పొద్దుగాల లేచి పో. పని ఉన్నది, ఎండ కొడుతున్నది అంటే నేను ఒప్పుకోను. మనం కోరుట్లకెళ్లి జగిత్యాలకు పోమా అంగడికి, గంతే ఉంటది. ఆయినె కాలరు వట్టుకొని ముంగట కూసోబెట్టి ఉత్తరం రాయించు. రాకపోతే నువ్వు నాకు అన్నవు కాదు.

సుశీల


మస్కటు
భాద్రపదం

చెల్లె సుశీలకు,

నీ ఉత్తరం చదివితే ముందుగాల నవ్వచ్చింది. తర్వాత నవ్విన్నని నా మీద నాకే కోపమచ్చింది. ఇప్పుడు నీ మీద గూడ అస్తున్నది, చెప్తున్న విను.

నేనున్నది దుబాయి గాదు. మస్కటు. అవ్వకు పదిసార్లు రాసిన, అవ్వ పదిమందికి దుబాయి అనే చెప్పుకున్నది. మన దిక్కు సౌదీ పోయినోడు దుబాయే, కువైటు పోయినోడు దుబాయే, బొంబాయిల మోసపోయి భీవండిల సాంచెలు నడిపేటోడు గూడ దుబాయే. బొంబాయి దాకనే మేం ఇద్దరం కలిసి పోయినం. ఆడ బావ విమానం వేరు, నా విమానం వేరు. ఇది వేరే దేశం. రాజు వేరు, పైసలు వేరు.

నేను చేసేది ఎయిర్‌పోర్టుల సామాను ఎక్కించుడు. గందుకని నాకు లెక్క తెలుసు. మా ఎయిర్‌పోర్టుకెళ్లి దుబాయి ఎయిర్‌పోర్టుకు గాలిల పోతే మూడువందల యాభై కిలోమీటర్లు. లేచింది లేచినట్టే దిగుతది, గంట గూడ పట్టది. తొవ్వ పట్టి పోతే నాలుగువందలు దాటుతది, అన్ని బోడగుట్టలే. నువ్వు జగిత్యాలకెళ్లి హైదరాబాదు పోయి మళ్ల ఎన్కకు అచ్చినంత. గిది జగిత్యాల అంగడి గాదు.

దూరమైతే నడిచన్న పోదును. నడుమ సరిహద్దు ఉన్నది. నా పాసుపోర్టు కంపెనోని బీర్వల ఉన్నది. అడిగితే "నీకేం పని దుబాయిల?" అంటడు. రోజు నా చేతులతోనే దుబాయి విమానంల సంచులు ఎక్కిస్త. అవ్వి గంటల పోయి ఆడ దిగుతయి. ఎవడో మరిచిపోయిన చెప్పుల సంచి గూడ దిగుతది. నేను దిగలేను. సంచికున్న విలువ మనిషికి లేదు చెల్లే, గిది చూసి నాకు రోజు ఒళ్లు మండుతది. నువ్వు మళ్ల ఆడికెళ్లి మండిస్తున్నవు.

నన్ను తిట్టినంత గట్టిగ ఆ ఎస్సైని తిడితివా? తిట్టలేవు. అన్నను తిడితే అన్న ఏం జేస్తడు, చదువుకుంటడు. తిట్టు. గని బావ అడ్రసు ఏదన్న ఉంటే పంపు. ఆయన మొదటి కంపెనీ మూతబడ్డదని ఈడ ఒకలు అన్నరు. తర్వాత ఏడ ఉన్నడో ఎవలకు ఎరుక లేదు. దుబాయిల మనోళ్లు వేలల్ల ఉన్నరు, పేరు వట్టుకొని ఎట్ల ఎతుకాలె?

నీ అన్న
చంద్రమౌళి


గుట్టకిందిపల్లె
దసర దాటినంక

అన్నా,

మస్కటు అని ఎందుకు రాసినవు? మీద అంత పెద్ద అచ్చరాలతోని మస్కటు అని రాయకపోతే నీకు నిద్ర పట్టకపోవునా? అందరి లెక్క దుబాయి అని రాస్తే నీ చెయ్యి పడిపోవునా?

నీ ఉత్తరం నాకంటే ముంగట ఠాణకు పోయింది. ఇప్పుడు మా ఊరికి అచ్చే ఉత్తరాలన్ని గట్లనే పోతున్నయట. ఎస్సై నన్ను పిలిపించి చేతిల నీ ఉత్తరం వట్టుకొని కూసున్నడు. నాకంటే ముంగట నా అన్న ఉత్తరం చదివెటందుకు వీనికి ఏం హక్కున్నది? "నీ అన్న ఏడున్నడన్నవు?" అన్నడు. దుబాయి అన్న. "గీడ మస్కటు అని ఉన్నది. అన్న ముచ్చటనే బొంకినదానివి, మొగని ముచ్చట బొంకవా?" అన్నడు. మేం అన్నిటికి దుబాయే అంటం సార్, మా ఊర్ల ఎవలనన్న అడుగున్రి అన్న. "గట్లనా. మరి అడివికి గూడ దుబాయే అంటరు గదా" అన్నడు. కానిస్టేబుళ్లందరు నవ్విండ్రు.

ఏం జెప్పాలె అన్నా? నువ్వే చెప్పు. నిజం చెప్తే గూడ అబద్ధమైపోయింది.

ఆ రోజు సంది నన్ను, అత్తను పొద్దున పిలిచి మాపుదాక ఠాణ ముందట ఎండల కూసోబెడుతున్నరు. అత్త మోకాళ్లు పట్టుకపోయినయి. లేవట్టి నడిపిస్తున్న. బీడీలు బంద్. కార్ఖానాయన ఆకు ఇయ్యనన్నడు. ఊర్ల ఆడోళ్లు మా వాకిట్లకు అస్తలేరు, జీపు తమ దిక్కు తిరుగుతదని భయం. మంచినీళ్ల బాయి కాడ గూడ నేను పోంగనే ముచ్చట ఆగిపోతది.

ఎస్సై ఒక్క మాట చెప్పిండు. మీరిద్దరు పక్కపక్కన నిలబడ్డ ఫోటో తేవాలె. వెనుక ఎయిర్‌పోర్టో, దుకాణమో, ఆ దేశం అని తెలిసేటట్టు ఉండాలె. నీ మొఖం అవ్వతోని పోల్చుకుంటడట, నీ పక్కన ఉన్నోడు కొమురెల్లి అని ఊర్లె పదిమందితోని చెప్పిస్తడట. ఉగాది లోపల తేకపోతే అత్తను తీసుకపోయి లోపల ఏస్త, కొడుకు ఉరికచ్చి లొంగిపోతడు అన్నడు. ఇంట్ల ఆయినె ఫోటో ఒక్కటి లేదు. పాసుపోర్టుకు దిగినయి అన్ని ఏజెంటు తీసుకపాయె.

అన్నలల్ల ఉన్నోడైతే ఎట్లన్న కబురు పంపి పిలిపిద్దును. లేనోన్ని ఏడికెళ్లి తేవాలె? ముసలిదాన్ని లోపలేస్తరట. చేతుల తుపాకి ఉంటే ఎవ్వలనన్న ఏమన్న అనొచ్చా?

నడుమ ఎన్ని దేశాలున్నయో, ఎంతమంది రాజులున్నరో నాకు తెల్వది. రోజు సంచులు ఎక్కిస్త అన్నవు గదా. ఆ సంచుల నడుమ కూసోని పో.

సుశీల


మస్కటు
మార్గశిరం

చెల్లె సుశీలకు,

ఈ ఉత్తరం బీర్పూరు ఓదెలు చేతికిచ్చి పంపుతున్న. నాతోని పనిచేస్తడు, లీవు మీద అస్తుండు. పోస్టుల వెయ్యను. ఆ ఎస్సై చదువొద్దు.

సంచుల నడుమ కూసోని పో అన్నవు. కూసోలేదు గని, నీ మాట మీదనే ఒక ఉపాయం తోచింది. సామాను పెట్టే పెద్ద రేకుడబ్బలుంటయి. ఈడ నింపి ఎక్కిస్తం, దుబాయిల దించి ఖాళీ చేస్తరు, మళ్ల నింపి పంపుతరు. ఓదెలు అన్నడు, ఈడ సామాను మోసేటోళ్లల్ల సగం మంది మన కరీంనగరోళ్లే, ఆడ మోసేటోళ్లల్ల మనోళ్లు ఉండరా అని. సుద్దముక్క తీసుకొని డబ్బ పక్కన తెలుగుల రాసిన: కోరుట్ల దిక్కు కొమురెల్లి ఎవలకన్న ఎరికేనా?

అరబ్బోనికి, మలబారోనికి అవ్వి గీతలే. మనోడు చూస్తేనే అచ్చరాలు. శానరోజులు జవాబు లేదు. మావోళ్లు నవ్వవట్టిండ్రు, రేకుడబ్బకు ఉత్తరం రాస్తుండని. తర్వాత ఒకనాడు డబ్బ ఎన్కకచ్చింది. నా రాత కింద ఇంకొకలి రాత. "ఏ కొమురెల్లి? మస్తుమంది ఉన్నరు." నేను రాసిన: పెదవి మీద గాటు ఉంటది, సాంచెల పనోడు. మూడో డబ్బకు జవాబచ్చింది: "ఉన్నడు. ఈడనే లోపల నేల తుడుస్తడు."

చెల్లే, ఆ డబ్బ వట్టుకొని ఏడ్చిన. సూపర్‌వైజరు అచ్చి ఏందిది, డబ్బ ఎందుకు ఖరాబు చేస్తున్నవని లొల్లి వెట్టిండు. తిట్టనీ అనుకున్న.

గన్ని రోజులు ఎందుకు రాయలేదని డబ్బ మీదనే అడిగిన. కంపెనోడు జీతాలు ఎగ్గొట్టి మూసుకపోయిండట, శానరోజులు తిండికి గూడ లేకుండె అట, ఇప్పుడు ఈ పని దొరికిందట. పంపెటందుకు పైసలు లేక, ఒట్టి ఉత్తరం రాసెటందుకు మొఖం లేక ఊకున్నడట. నాకు ఎంత కోపమచ్చిందో తెలుసా? డబ్బకు ఒక దిక్కు జాగ పట్టినన్ని తిట్లు రాసిన. నీ పెండ్లాం ఠాణ ముందట ఎండుతున్నది, నీకు మొఖం గావాలెనా అని రాసిన. అది చదివినోడు ఎవడోగని కింద "నిజమే" అని రాసి పంపిండు.

నా లీవు వచ్చే నెలకున్నది. దుబాయిల ఆగి పోయే టికెటు తీసుకుంటున్న. ఎయిర్‌పోర్టు దాటి బయటికి పోనియ్యరు. గని బావ పనిచేసేది లోపలనే. ఆయన నేల మీదికే నేను దిగుత. అత్తకు చెప్పు, భయపడొద్దని.

నీ అన్న


సిరిసిల్ల
పుష్యం

చెల్లె సుశీలకు,

ఈ ఉత్తరం తెచ్చేది అవ్వ. సిరిసిల్లల ఉండి నీ దగ్గరికి రాక, అవ్వ చేతికిచ్చి పంపుతుండు అని నువ్వు పండ్లు కొరుకుతవు. కొరుకు. నేను గూడ గదే చేస్తున్న.

ముందుగాల మంచి ముచ్చట. బావను చూసిన. దుబాయిల దిగి అందరు ఒక దిక్కు పోతుంటే నేను నేల చూసుకుంట తిరిగిన. తడి ఏడున్నదో ఆడ ఉంటడు గదా అని. ఒక మూలకు కనబడ్డడు. చేతుల తుడుపుకర్ర. బక్కగైండు, మెడ బొక్కలు తేలినయి. దొరికినంక ముందుగాల ఒక్కటి పీకాలె అనుకున్న సుశీలా, ఒట్టు. చెయ్యి లేవలేదు. నన్ను చూసి "బావా, సుశీల ఎట్లున్నది?" అన్నడు. ఎట్లున్నదో చెప్పిన. అన్ని చెప్పిన. ఠాణ ముంగట కూసోబెట్టిన సంగతి చెప్తుంటే తుడుపుకర్ర గోడకు ఆనిచ్చిండు. "నేనే అస్త. అచ్చి ఆ ఎస్సై ముంగట నిలబడి, నేను గిదే దుబాయిల ఉన్న సార్ అని చెప్త" అన్నడు. టికెటు పైసలు జమ కావాలె, కంపెనోడు సెలవియ్యాలె, ఉగాదికి ముంగటనే అస్త అన్నడు. అంతదాక ఫోటో పంపుదామన్న.

ఆడ దుకాణంల ఒక మలబారాయన దగ్గర అప్పటికప్పుడే ఫోటో ఊడిపడే కెమెరా ఉన్నది. బతిమిలాడితే తీసిండు. వెనుక అద్దాల గోడ, దాని అవతల విమానం తోక. నేను బావ భుజం మీద చెయ్యి ఏసిన. పండ్లు కనబడేటట్టు నవ్వు బావా, పోలీసోళ్లు చూసేదున్నది అన్న. నవ్వరాలేదు ఆయనకు. ఉన్నట్టే దిగిండు.

ఇగ సిగ్గుమాలిన ముచ్చట. మస్కటుకెళ్లి దుబాయి, దుబాయికెళ్లి బొంబాయి, బొంబాయికెళ్లి బస్సుల హైదరాబాదు, సిరిసిల్ల. సముద్రం దాటి అచ్చిన. సిరిసిల్లకెళ్లి మీ ఊరు ఎంత? వేములవాడ మీదికెళ్లి పూటల అచ్చే తొవ్వ. నేను అచ్చిన నాడే తొవ్వల కల్వర్టు పేల్చిండ్రు. అన్నలు బందు అన్నరు, బస్సులు ఆగినయి. బందు అయిపోయినంక పోలీసులు బస్సులు ఆపి తనిఖీలు మొదలువెట్టిండ్రు. రెండుసార్లు బయలెల్లిన. ఒకసారి డ్రైవరే నడుమల దించి పోయిండు. రెండోసారి వయసు మొగోళ్లనందరిని దించిండ్రు. నేను పాసుపోర్టు చూపించిన. ఆ పోలీసాయన పేజీలు తిప్పి, "నువ్వు గూడ దుబాయేనా? ఈ జిల్లల అందరు దుబాయే" అని వీపుల ఒక్కటి గుద్ది ఎన్కకు తోలిండు. నా లీవు అయిపోయింది. ఎల్లుండి నేను బొంబాయి బస్సు ఎక్కాలె.

మూడు దేశాలల్ల ఎవ్వడు నన్ను ఆపలేదు. నా జిల్లల, నా చెల్లె ఇంటికి నన్ను పోనిస్తలేరు. ఇదేం రాజ్యం సుశీలా? ముసలిదాన్ని ఎవలు ఆపరని అవ్వను పంపుతున్న. ఫోటో అవ్వ రైకల పెట్టుకున్నది. నువ్వు స్వయంగ పోయి ఎస్సై చేతికే ఇయ్యి.

ఇంకొక మాట. ఠాణల నిన్ను చెంప మీద కొట్టిండ్రని, చెవుల నెత్తురచ్చిందని అవ్వ చెప్పింది. నాకు నువ్వు ఒక్క ముక్క రాయలేదు. నన్ను గన్ని తిట్లు తిట్టినదానివి, గది ఎందుకు రాయకపోతివి?

నీ అన్న


గుట్టకిందిపల్లె
మాఘం

అన్నా,

రాస్తే నువ్వేం జేస్తవు? సంచులు ఎక్కించుకుంట ఏడుస్తవు. గందుకే రాయలే. ఇప్పుడు మంచిగనే వినబడుతున్నది, ఫికరు పడకు.

ఫోటో ఇచ్చిన. ఎస్సై శానసేపు చూసిండు. సర్పంచును, ఇంకా నలుగురిని పిలిపించి అడిగిండు. అందరు కొమురెల్లే అన్నరు. నాకు కుర్చి ఏపిచ్చిండు అన్నా. నీళ్లు తెప్పిచ్చిండు. "సరే, ఇగ మీరు రావద్దు, ఇంట్ల ఉండున్రి" అన్నడు. ఫోటో ఎన్కకియ్యమంటే "ఫైలుల పెట్టాలె, తర్వాత ఇస్త" అన్నడు. ఆయినె మొఖం మళ్లొక్కపారి చూసుకుందామనుకున్న. ఏం జేస్తం.

అత్త రాత్రి కడుపునిండ తిన్నది. కార్ఖానాయన మళ్ల ఆకు ఇస్త అన్నడు. నిన్ను అన్ని మాటలన్న, మనసుల పెట్టుకోకు. మస్కటు వేరే దేశమే. నేను ఇప్పుడు బాయి కాడ అందరికి చెప్తున్న.

సుశీల


మస్కటు
మాఘం దాటంగ

చెల్లె సుశీలకు,

డబ్బ మీద కబురచ్చింది. బావకు సెలవు దొరికింది. ఉగాదికి వారం ముంగట దుబాయిల విమానం ఎక్కుతుండు. బొంబాయిల దిగి, ఆడికెళ్లి బస్సుల తిన్నగ జగిత్యాల బస్టాండ్ల దిగుతడు. అత్తను తీసుకొని ఎదురుపో. నేను రాలేకపోతి, ఆయన అస్తుండు. మా ఎయిర్‌పోర్టుల మిఠాయి పంచిన. సూపర్‌వైజరుకు గూడ ఇచ్చిన.

నీ అన్న


జగిత్యాల బస్టాండు
ఫాల్గుణం

అన్నా,

ఇంట్ల కూసోని రాస్తలేను. బస్టాండ్ల బెంచి మీద కూసోని రాస్తున్న. మల్లాపూరు ఐలయ్య ఈ మాపటికి బొంబాయి పోతుండు, ఆడికెళ్లి మస్కటు. ఎయిర్‌పోర్టుల దిగంగనే నీ చేతికే ఇస్త అన్నడు. చదివినంక బువ్వ తినేదాక గూడ ఆగకు. ఆయినె టికెటు తారీకు ఇంక రాలేదు, టైమున్నది. ఆయినె విమానం ఎక్కొద్దు. డబ్బ మీద రాస్తవో, దుబాయికి ఫోనే చేపిస్తవో, ఏం జేస్తవో నాకు తెల్వది. ఎక్కొద్దు.

నిన్న ఆకు తెచ్చుకునెటందుకు జగిత్యాల అచ్చిన. ఈ బస్టాండు గోడ మీద కొత్త కాగితాలు అంటిచ్చిండ్రు. మొఖాలున్నయి వరుసగ. మూడోది ఆయినె. కింద పెద్ద అచ్చరాలతోని తీవ్రవాది కొమురెల్లి అని, పట్టిచ్చినోళ్లకు బహుమతి అని ఉన్నది. వెనుక అద్దాలు లేవు, విమానం తోక లేదు. అన్ని కోసేసిండ్రు. నిన్ను గూడ కోసేసిండ్రు అన్నా. భుజం మీద నీ చెయ్యి ఒక్కటి మిగిలింది. ఎవని చెయ్యో అన్నట్టు.

నేనే ఇచ్చిన. కుర్చిల కూసోని, నీళ్లు తాగి, నా చేతులతోనే ఇచ్చిన. వాని దగ్గర ఆయినె మొఖం లేకుండె. మనం దుబాయి దాక పోయి తెచ్చిచ్చినం.

ఆడికెళ్లి తిన్నగ ఠాణకు పోయిన. ఇగ భయం పోయింది నాకు. ఆయినె దుబాయిల ఉన్నడని చూపిస్తె, ఈడున్నడని గోడకు అంటిస్తవా, నీకు కండ్లున్నయా అన్న. కానిస్టేబులు పట్టుకోను వస్తే పట్టుకో, కొట్టు, ఒక చెవు ఇంక మిగిలింది అన్న. ఎస్సై లేవనన్న లేవలేదు. "దుబాయిల ఉంటే నీకేం భయం? ఈ కాగితం ఆయనకేం చేస్తది?" అన్నడు. మళ్ల మెల్లగ, "పై నుంచి అడుగుతరు అమ్మా. ఒక్కొక్క ఊరికెళ్లి ఒక్కొక్క పేరు పంపాలె. మీ ఊరికెళ్లి ఎవని పంపను?" అన్నడు. గంతే అన్నా. పేరు కావాలె. మనిషి ఏడున్నడో వానికి మొదటిసందే అక్కర లేదు.

విమానం ఎక్కితే ఆయినె వచ్చి ఈ బస్టాండ్లనే దిగుతడు. చేతిల సంచి ఉంటది, అత్తకు చీర ఉంటది. ఎదురుగ గోడ మీద తన మొఖం తనే చూస్తడు. రెండు అడుగులు ఏసేలోపల పట్టుకపోతరు. పట్టుకపోయినోళ్లు ఏమైతుండ్రో నీకు నేను చెప్పాలెనా? పేపర్ల ఎదురుకాల్పులు అని ఏస్తరు. బీర్పూరు అడివిల దొరికిండు అని ఏస్తరు. దుబాయికెళ్లి దిగినోడు బీర్పూరు అడివిల ఎట్ల దొరికిండని ఎవడు అడుగుతడు?

గందుకని నేనే అడుగుతున్న. పొద్దున సంది ఈ కాగితం పక్కన నిలబడ్డ. ఒక్కొక్క బస్సు ఆగంగనే దిగినోళ్లను పిలుస్తున్న. గీన నా మొగడు కొమురెల్లి, దుబాయి ఎయిర్‌పోర్టుల నేల తుడుస్తడు, గీ చెయ్యి మస్కటుల ఉన్న మా అన్న చంద్రమౌళిది అని ఒర్రుతున్న. ముందుగాల అందరు తప్పుకొని పోయిండ్రు. మధ్యాహ్నం కోరుట్ల బస్సుల ఒక ఆమె దిగి ఆగింది. ఆమె కొడుకు గూడ దుబాయేనట. నా పక్కన నిలబడ్డది. ఇప్పుడు ముగ్గురం అయినం. ఒక పోలీసాయన అచ్చి పోండి అన్నడు. పోం అన్నం. జీపు తెస్త అని పోయిండు. తేనీ. తీసుకపోయి కూసోబెడితే, ఇడిచిపెట్టంగనే మళ్ల ఈడికే అస్త.

నిన్ను రమ్మని, ఆయినెను తెమ్మని ఎన్ని తిట్లు తిట్టిన అన్నా. ఇప్పుడు గట్టిగ చెప్తున్న, ఆయినె రావద్దు. నా మీద పానం కొట్టుకున్నా రావద్దు. మూడు గంటల విమానం, ఎక్కితే దిగుడే, గంత దగ్గర ఉండుడు గూడ మంచిది కాదు. దుబాయి కంటె దూరం దేశం ఏదన్న ఉంటే, గాడికి పొమ్మను.

సుశీల